చదివి వినిపించగా

మా సీనియర్ లాయరు సార్ పోయారన్న కబురు మా బార్ అసోసియేషన్ వాట్సాప్ గ్రూపులో వచ్చింది. పూలదండ వేసిన ఫొటో, కింద వరసగా దండాల బొమ్మలు. పది నిమిషాలు గడిచాయో లేదో, కొత్తగా ప్రాక్టీసు మొదలుపెట్టిన ఒకతను పొడుగాటి నివాళి పెట్టాడు. "న్యాయరంగంలో ధ్రువతార", "పేదల పాలిట కల్పవృక్షం", "తీరని లోటు". ఒక్క అచ్చుతప్పు లేదు. ఆయన్ని అతను ఒక్కసారి కూడా చూసి ఉండడు. ఏఐ మిషన్‌ని అడిగి రాయించాడని రెండో వాక్యానికే తెలిసిపోతోంది. అయినా అందరూ దాని కింద దండాలు పెట్టారు.

నాకు ఒళ్ళు మండింది. ఆయన ధ్రువతారా కాదు, కల్పవృక్షమూ కాదు. మారేడ్‌పల్లిలో రెండు గదుల ఆఫీసు పెట్టుకుని, మధ్యాహ్నం జామకాయను బ్లేడుతో నాలుగు ముక్కలు కోసి, మూడు మాకిచ్చి, నాలుగోది తను తిని, గింజ పంటి సందులో ఇరుక్కుంటే సాయంత్రం దాకా మమ్మల్ని తిట్టిన మనిషి. ఆయన గురించి రాస్తే ముందు ఆ జామకాయ గురించి రాయాలి.

నా కోపమంతా ఆ నివాళి మీదే కాదని నాకూ తెలుసు. ఆయన పోవడానికి ఎనిమిది రోజుల ముందు నేను ఆయనతో ఒక అబద్ధం చెప్పాను. ఆ అబద్ధం నా సంతకంతో సహా కోర్టు ఫైల్లో ఉంది. గురువారం వాయిదా.

ఆయన ఆఫీసులో మెత్త వేసిన కుర్చీ ఒక్కటే ఉండేది. అది క్లయింటుది. ఆయనది చేతులు లేని చెక్క కుర్చీ, జూనియర్లవి స్టూళ్ళు. ఆ మెత్త కుర్చీ ఎప్పుడూ కిటికీకి ఎదురుగానే ఉండాలి. ఊడ్చేటప్పుడు ఎవరైనా జరిపితే ఆయనే లేచి మళ్ళీ సర్దేవారు. వచ్చినవాళ్ళకు గాలి తగలాలని కాబోలు అనుకునేదాన్ని. వెలుతురు వాళ్ళ మొహం మీద పడాలని అలా పెట్టారని తెలియడానికి నాకు ఏడాది పట్టింది.

మా నాన్నకు రైల్వేలో ఉద్యోగం వస్తే విజయనగరం నుంచి సికింద్రాబాద్ వచ్చి స్థిరపడ్డాం. లా పూర్తి చేసి ఆయన దగ్గర చేరినప్పుడు నా మాటలో ఇంకా మా ఊరి సాగతీత పోలేదు. మొదటిరోజే అన్నారు: "నీ మాట పాట లెక్కున్నది బిడ్డా. జడ్జి మంచిగ ఇంటడు, తల ఊపుతడు, ఆర్డర్ మాత్రం ఇయ్యడు." ఆరేళ్ళు ఆయన దగ్గర పనిచేశాను. ఒక్కసారి కూడా మెచ్చుకున్న గుర్తు లేదు.

మా వృత్తిలో ప్రతి అఫిడవిట్ చివరా ఒక మాట ఉంటుంది. పైన రాసిన సంగతులన్నీ తెలుగులో చదివి వినిపించగా, విని, సరియని ఒప్పుకుని, నా ఎదుట సంతకం చేశారని. దాని కింద ఒక లాయరు సంతకం చెయ్యాలి. అఫిడవిట్ ఇంగ్లీషులో ఉంటుంది కాబట్టి, అందులో ఏముందో ఆ మనిషికి తెలియాలని పెట్టిన నియమం. ఎవరూ చదవరు. కోర్టు వరండాలో నిలబడి, ఒకరి వీపు మీద ఇంకొకరు ఫైలు ఆనించుకుని, "నాకొకటి పెట్టవా", "నీకు పెడితే నాకు రెండు పెట్టాలి" అనుకుంటూ సంతకాలు చేసుకుంటాం. ఇది తప్పని ఎవరికీ తోచదు. నాకూ తోచేది కాదు.

ఆయనొక్కరే చదివేవారు. ఇంగ్లీషు కాగితం చేత్తో పట్టుకుని, వచ్చినవాళ్ళ భాషలోకి మారుస్తూ చదివేవారు. బోయిగూడ నుంచి వచ్చినవాళ్ళకు వాళ్ళ యాసలో, ఉర్దూ మాట్లాడేవాళ్ళకు ఉర్దూలో. చెవులు వినపడని ముసలమ్మ వస్తే గొంతు చించుకుని చదివేవారు. దాంతో ఆమె కేసు వీధి వీధంతా తెలిసిపోయేది. ఎదురుగా ఉన్న ఇడ్లీ బండి అతను ఒకరోజు టిఫిన్ కట్టి ఇస్తూ, "పేరా ఏడు జెర కమ్‌జోర్ ఉన్నది సార్" అన్నాడు. సార్ వెనక్కి వచ్చి పేరా ఏడు తీసి చూసుకున్నారు. నిజంగానే బలహీనంగా ఉంది. మార్చి రాశారు.

చదివేటప్పుడు ఆయన వేలు అక్షరాల మీద ఉండేది, చూపు మాత్రం మనిషి మీద. ఎక్కడో ఒకచోట ఆ మొహం మారేది. చాలా కొంచెమే. కళ్ళు కిటికీ వైపు వెళ్ళేవి, లేదా చెయ్యి కొంగు వెతుక్కునేది. ఆయన ఆగిపోయేవారు. పెన్సిల్‌తో ఆ వాక్యం పక్కన చిన్న చుక్క పెట్టేవారు. పెట్టి, ఒకటే అడిగేవారు: "ఏమైంది గిక్కడ?"

అంతే. ఆ తరువాత ఎంతసేపైనా నోరు విప్పేవారు కాదు. లాయరు నోరు మూసుకుని కూర్చోవడం చూడాలంటే ఆ గదికే వెళ్ళాలి.

నేను చేరిన కొత్తలో ఒక లారీ ప్రమాదం కేసు వచ్చింది. చనిపోయినతని భార్య పరిహారం కోసం వచ్చింది. నేను రాత్రీ పగలూ కూర్చుని దరఖాస్తు తయారుచేశాను. తయారుచేయడమంటే, పాత ఫైలు ఒకటి తీసి, పేర్లూ తేదీలూ మార్చి, మిగతాది మక్కీకి మక్కీ దించడమే. అందరం అలాగే నేర్చుకున్నాం. సార్ ఆమెను మెత్త కుర్చీలో కూర్చోబెట్టి చదువుతున్నారు. "మరణించే నాటికి అతను పూర్తి ఆరోగ్యంగా, దృఢంగా ఉన్నాడు" అన్న చోట ఆమె మెడలోని గొలుసును వేలికి చుట్టుకోవడం మొదలుపెట్టింది. చుక్క పడింది. "ఏమైంది గిక్కడ?"

చాలాసేపటికి చెప్పింది. ఆయనకు ఏడాది కిందట గుండె ఆపరేషన్ అయిందట. ఆస్పత్రి కాగితాలన్నీ ఉన్నాయట. ఎవరూ అడగలేదు కాబట్టి తను చెప్పలేదట. అవతల ఇన్సూరెన్స్ వాళ్ళకు ఆ కాగితాలు సంపాదించడం ఒక్క పూట పని.

ఆమె వెళ్ళాక సార్ నా వైపు తిరిగారు. "ఆరోగ్యంగ, దృఢంగ. గీ మాట ఏడికెల్లి తెచ్చినవ్?"

"పాత ఫైల్లోంచి సార్."

"ఆ ఫైల్ల మనిషి సచ్చి పదేండ్లాయె. ఆయన ఆరోగ్యం తీస్కొచ్చి ఈయనకు తగిలిస్తివా?"

నవ్వు వచ్చింది, ఏడుపూ వచ్చింది. ఏదీ బయటికి రానివ్వలేదు. "కేసు బుక్కులల్ల ఉండది బిడ్డా. మనిషి యాడ ఆగుతడో ఆడ ఉంటది" అన్నారు. అని, జామకాయ కొయ్యడానికి బ్లేడు వెతుక్కున్నారు.

ఇదంతా జరిగి చాలా ఏళ్ళయింది. ఇప్పుడు నేను పొద్దున రెండు గంటలు ఒక లా కాలేజీలో పాఠం చెప్పి, తరువాత కోర్టుకు వెళ్తాను. కాలేజీలో పేదల కోసం ఉచిత న్యాయ సలహా కేంద్రం ఒకటి ఉంది. అదీ నేనే చూస్తాను. ఈ ఏడు ప్రిన్సిపాల్ నాకు ఒక పని అప్పగించారు. కృత్రిమ మేధ కాలంలో న్యాయవిద్య దేనికి, ఒక్క పేజీ రాసివ్వమన్నారు. కొత్త సిలబస్ మొదట్లో వేస్తారట.

నెలయింది. ఆ పేజీ ఖాళీగానే ఉంది. రాయడం రాక కాదు, భయం వేసి. నేను ఆరేళ్ళు తిట్లు తిని నేర్చుకున్న డ్రాఫ్టింగ్ ఇప్పుడు ఫోన్‌లో రెండు నిమిషాల పని. నాకంటే బాగా రాస్తుంది. అలసిపోదు, అలగదు. పాఠం చెబుతూ చెబుతూ అరవై మొహాలు చూస్తే ఎక్కడిదాకా చెప్పానో మరిచిపోతాను. వీళ్ళను ఎటు తీసుకెళ్తున్నానో నాకే తెలియదు. నాలుగో సంవత్సరం చదివే హారిక ఒకరోజు క్లాసు అయ్యాక నా వెనకే వచ్చింది. కాప్రా నుంచి రెండు బస్సులు మారి వస్తుంది, ఎప్పుడూ ముందు బెంచీలో కూర్చుంటుంది.

"మేడమ్, నిజం చెప్పండి. మేం బయటికొచ్చేటాలకు మాకు పనుంటదా?"

"ఎందుకుండదూ" అన్నాను. ఆమె నమ్మలేదు. నేనూ నమ్మలేదు.

అలాంటి రోజుల్లోనే మా కేంద్రానికి సత్తెమ్మ వచ్చింది. బోయిగూడలో ఇస్త్రీ చేసుకుని బతికే మనిషి. భర్త పోయాడు. అతను కట్టిన ఒంటిగది ఇంట్లోనే ఉంటూ, గుమ్మం ముందు బల్ల వేసుకుని ఇస్త్రీ చేస్తుంది. భర్త వాళ్ళ అన్న ఆ ఇల్లు తనదంటున్నాడు, సామాన్లు బయట పారేస్తానంటున్నాడు. అతను ఆ పని చెయ్యకుండా కోర్టు నుంచి ఆర్డరు తేవాలి. ఎన్నేళ్ళ నుంచి ఉంటున్నారని హారిక అడిగింది. ఇరవై ఏండ్లని సత్తెమ్మ చెప్పింది. మిగతా వివరాలు రాసుకుని హారిక ఫోన్‌కిచ్చింది. తొమ్మిది పేజీల అఫిడవిట్ బయటికొచ్చింది. దిష్టి తీయాల్సినంత అందంగా ఉంది. ఆమె ఆ ఇంట్లో "ఇరవై ఏళ్ళుగా ఎడతెగకుండా, ఎక్కడికీ వెళ్ళకుండా నివసిస్తూ" ఉన్నట్టు అయిదో పేరాలో ఉంది. ఇలాంటి ప్రతి అఫిడవిట్‌లోనూ ఆ మాట ఉంటుంది. నాకు అనుమానమే రాలేదు.

సంతకం రోజు నాకు ఇంకో కోర్టులో పిలుపు ఉంది. వరండాలో స్తంభం దగ్గర సత్తెమ్మ నిలబడి ఉంది. ఇళ్ళకు ఇచ్చి రావాల్సిన బట్టల మూట చంకలో ఉంది. కాగితాలు చూసి ఒక్కటే అడిగింది: "ఏడ పెట్టాలె?" చూపించాను. పెట్టింది. చదివి వినిపించగా అన్న మాట కింద నేను గబగబా సంతకం గీకి పరుగెత్తాను. కేసు వేసిన లాయరు వేరే ఆవిడ. చదివి వినిపించానన్న పూచీ మాత్రం నాది.

ఆ వారంలోనే సార్‌ని చూడ్డానికి వెళ్ళాను. ప్రాక్టీసు మానేసి చాలా కాలమైంది, చూపు బాగా మందగించింది. ఆ మెత్త కుర్చీలో ఇప్పుడు ఆయనే కూర్చున్నారు. నేను ఎదురుగా స్టూలు మీద కూర్చుని, ఫోన్ తీసి సత్తెమ్మ అఫిడవిట్ మొత్తం చదివాను. ఎందుకు చదివానో నాకే సరిగా తెలియదు. సగం గొప్ప చెప్పుకోవడానికి, సగం భయం చెప్పుకోవడానికి. వింటున్నంతసేపూ ఆయన వేలు మోకాలి మీద గీతలు గీస్తున్నట్టు కదిలింది.

"మంచిగున్నది" అన్నారు చివరికి. "నేనెన్నడు గింత మంచిగ రాయలే."

"భయమేస్తోంది సార్. పిల్లలకు ఏం చెప్పాలో తెలీడం లేదు."

"మిషిన్ మనకు కొత్తనా? పాత ఫైలే గద మన మిషిన్. గది మెల్లగ నడుస్తుండె, గిది ఉరుకుతున్నది." తరువాత అడిగారు: "ఆమెకు సదివి వినిపించినవా?"

"వినిపించా సార్."

నోరు జారి రాలేదు ఆ మాట. తెలిసే చెప్పాను.

"యాడ ఆగింది?"

"ఎక్కడా ఆగలేదు సార్."

ఆయన మొహం నా వైపు తిరిగింది. కిటికీ వెలుతురు ఆయన మీద ఉంది, నా మీద లేదు. ఉన్నా ఆయనకు కనబడేది కాదు. "యాడా ఆగలేదా" అన్నారు. "మంచిది."

ఆ మంచిది నాకు తెలుసు. అవతలి లాయరు చెప్పింది నమ్మనప్పుడు కోర్టులో సరిగ్గా అలాగే అనేవారు. తేలు కుట్టిన దొంగలా కూర్చున్నాను. జామకాయ పెట్టారు. తిన్నాను. రేపో మాపో వెళ్ళి నిజం చెప్పేద్దామనుకున్నాను. ఎనిమిది రోజులు అనుకుంటూనే ఉన్నాను.

మంగళవారం ఆయన్ని ఆఖరిసారి చూడ్డానికి వెళ్ళాను. బయటికి వచ్చాక కాళ్ళు ఇంటివైపు పోలేదు. హారికకు ఫోన్ చేసి, అఫిడవిట్ కాపీ తీసుకుని బోయిగూడ రమ్మన్నాను. ఏమైందని అడిగింది. చేతులు కాలాయి, ఆకులు పట్టుకోవాలన్నాను.

సత్తెమ్మ బొగ్గుల పెట్టెతో ఇస్త్రీ చేస్తోంది. మేం పక్కన గట్టు మీద కూర్చున్నాం. వచ్చిన పని చెప్పాను. హారిక ఫోన్ తీసింది.

"మేడమ్, తెలుగులో సదివి వినిపించే ఆప్షన్ ఉంది. పెట్టనా?"

పెట్టమన్నాను. ఏమవుతుందో నాకూ తెలుసుకోవాలనే ఉంది. ఆ గొంతు తడబాటు లేకుండా చదివింది. సత్తెమ్మ ఇస్త్రీ ఆపి, ఫోన్ వైపు వంగి వింది. "మంచిగ సదువుతున్నది, వార్తల లెక్క" అంది. అయిదో పేరా వచ్చింది, పోయింది. ఆరోది మొదలైనప్పుడు నాకు తట్టింది. ముగ్గురం ఫోన్‌నే చూస్తున్నాం. ఆ గొంతులో తప్పేమీ లేదు. సత్తెమ్మ మొహాన్ని మాత్రం ఎవరూ చూడలేదు.

"ఆపు" అన్నాను. "నువ్వు చదువు. ఆమెను చూస్తూ చదువు. అమ్మా, నీ పని నువ్వు చేసుకో."

హారిక ఇంగ్లీషులోంచి తెలుగులోకి మారుస్తూ, వెతుక్కుంటూ, అతుకులతో చదివింది. ఇస్త్రీపెట్టె ఒక తెల్ల చొక్కా మీద ముందుకీ వెనక్కీ పోతోంది. ఒకటో పేరా, రెండు, మూడు, నాలుగు. "ఇరవై ఏండ్ల సంది ఎడతెగకుండ, యాడికి పోకుండ గీ ఇంట్లనే ఉంటున్న..."

ఇస్త్రీపెట్టె ఆగింది. ఆ పని ఇన్నేళ్ళుగా చేస్తున్న మనిషి చెయ్యి, వేడి పెట్టె కింద బట్ట ఉండగా ఆగింది.

హారిక చదవడం ఆపేసింది. నేను సైగ చెయ్యలేదు. సార్ గురించి ఆమెకు ఎప్పుడూ చెప్పలేదు కూడా. సత్తెమ్మ మొహంలోకి చూసి, తనంతట తనే అడిగింది: "ఏమైందమ్మా గిక్కడ?"

సత్తెమ్మ ఉలిక్కిపడి పెట్టె ఎత్తింది. చొక్కా మీద పసుప్పచ్చని మరక పడింది. దాన్ని వేలితో రుద్దుతూ చెప్పింది. "నడుమ రెండేండ్లు నేను ఈడ లేనమ్మా. మా చెల్లెకు పక్షవాతమొచ్చె. కాప్రాల దాని తాన ఉంటి. ఇంటికి తాళమేస్కొని పోయిన. మా బావకు సుత ఎరికే."

గురువారం అతని లాయరు సరిగ్గా ఇదే చెబుతాడు. ఇల్లు వదిలేసి పోయింది, ఇప్పుడొచ్చి అబద్ధపు అఫిడవిట్ వేసింది అంటాడు. ఒక్క మాటలో అబద్ధమాడిన మనిషి మిగతా మాటలు కోర్టు ఎందుకు నమ్ముతుంది? ఉన్న గూడు పోతుంది.

"మరి తాళంచెవి ఎవరి దగ్గరుండేదమ్మా?" హారిక అడిగింది.

"ఎవల తానేంది? నా తాన్నే. పండుగ పండుగకు వచ్చి, ఊడ్చి, దీపం పెట్టి పోతుంటి." కొంగు ముడి విప్పి చూపించింది. బొగ్గు మసి అంటిన పాత తాళంచెవి. తాళం వేసుకుని, చెవి దాచుకుని, వచ్చి పోతూ ఉన్న మనిషి ఇల్లు వదిలేసినట్టు కాదు. ఆ తొమ్మిది పేజీలకంటే ఆ చెవికి బలమెక్కువ. కాని ముందు మనమే చెప్పాలి. వాళ్ళు చెప్పాక చెబితే సాకు అవుతుంది.

బుధవారం రెండో అఫిడవిట్ రాయడానికి కూర్చున్నాం. మొదటిదాంట్లో తప్పు ఎందుకు వచ్చిందో ఇందులో చెప్పాలి. హారిక ఫోన్‌ని అడిగింది. "అనుకోకుండా జరిగిన పొరపాటు వల్ల" అని ఇచ్చింది. నున్నగా, ఎవరికీ గుచ్చుకోకుండా ఉంది. నిజం చెబుతున్నాను, నా మనసు ఆ మాట దగ్గరే చతికిలబడింది. కేసు వేసిన లాయరమ్మ కూడా ఫోన్‌లో అదే అంది. "పొరపాటని రాసి పడేసెయ్. నీకేమైనా పిచ్చా? నీ సంతకం ఉంది అక్కడ."

ఉంది. అందుకే గంటసేపు పెన్ను కదల్లేదు. జడ్జి నిలదీయవచ్చు. బార్ కౌన్సిల్ నుంచి నోటీసు రావచ్చు. కాలేజీలో తెలిస్తే పాఠం చెప్పే మొహం ఎక్కడుంటుంది? చివరికి ఆ వాక్యం కొట్టేసి, సత్తెమ్మ మాటగా చేత్తో రాశాను: మొదటి అఫిడవిట్ మీద సంతకం చేసే ముందు దాన్ని నాకు ఎవరూ చదివి వినిపించలేదు.

సాయంత్రం సత్తెమ్మ వచ్చింది. మా గదిలో ఉన్నవాటిలో మంచి కుర్చీ కిటికీకి ఎదురుగా లాగి కూర్చోబెట్టాను. ఈసారి నేనే చదివాను. ఆ వాక్యం దగ్గర ఆమె కళ్ళు నా మీదికి వచ్చాయి, అక్కడే ఉండిపోయాయి. పక్కన హారిక పెన్సిల్ తీయడం కనిపించింది.

"ఏమైందమ్మా ఇక్కడ?" అన్నాను.

"గిది రాస్తే నీకు తక్లీఫ్ గాదా బిడ్డా?"

"అవుతుందేమో. నిజమా కాదా, అది చెప్పు."

"నిజమే." కాసేపు కొంగు ముడి తడుముకుంటూ కూర్చుంది. పెన్ను ఆమె ముందే ఉంది. ఏడ పెట్టాలె అని ఈసారి అడగలేదు.

"ఇంకోపారి సదువు" అంది. "మొదటికెల్లి."

మొదటి పేజీకి తిప్పాను. వేలు అక్షరాల మీద పెట్టి, ఆమె వైపు చూస్తూ, మళ్ళీ చదవడం మొదలుపెట్టాను.